రాయి ఐదో లోహం కాదు: రాజ్యాల గురించి, సంఘం గురించి బైబిలు ప్రవచనాలు చదివే పద్ధతి

మా నాన్నగారు వాడిన బైబిల్లో దానియేలు ఏడో అధ్యాయం పక్కన, అంచులో, నీలం ఇంకుతో పది దేశాల పేర్లు రాసి ఉన్నాయి. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్, డెన్మార్క్, ఐర్లాండ్, బ్రిటన్, గ్రీస్. 1981లో గ్రీస్ చేరడంతో ఐరోపా ఆర్థిక సమాజంలో సభ్యదేశాలు సరిగ్గా పది అయ్యాయి. ఆ అధ్యాయంలో దానియేలు దర్శనంలో చూసిన నాలుగో మృగానికి పది కొమ్ములు కాబట్టి లెక్క కుదిరిందని అప్పట్లో చాలామంది బోధించారు. 1986లో స్పెయిన్, పోర్చుగల్ కూడా చేరాయి. ఆ జాబితా మీద అడ్డంగా ఒక గీత ఉంది. నాన్నగారు ఆ గీత కొట్టేటప్పుడు ఆయన మనసులో ఏముందో అడగాలని చాలాసార్లు అనుకున్నాను, అడగలేకపోయాను.

ఆ గీత వల్లే ఇది రాస్తున్నాను. ఆయన దేవుని వాక్యాన్ని ప్రేమించినవాడు, చదవడానికి బద్ధకించినవాడు కాదు. ఆయనకి ఎవరూ పద్ధతి నేర్పలేదు, అంతే. రాజ్యాల గురించిన ప్రవచనాలు మనకి ఇచ్చింది రేపటి వార్తలు ఈరోజే తెలుసుకోవడానికని ఆయన తరం నమ్మింది. నేను చదివినకొద్దీ నాకు తేలింది వేరు. సంఘం తాను ఏ రాజ్యానికి చెందిందో మర్చిపోకుండా ఉండటానికే ఆ ప్రవచనాలు ఇచ్చారు. ఆ సంగతి ఎలా తేలిందో మెట్టు మెట్టుగా చెప్తాను.

మీ దగ్గర ఉండాల్సినవి నాలుగు: బైబిలు (పాత అనువాదంతో పాటు వాడుక భాషలో ఉన్నది కూడా ఉంటే మంచిది), ఒక కాంకర్డెన్స్ (ఏ మాట బైబిల్లో ఎక్కడెక్కడ వస్తుందో చూపే పుస్తకం), ఒక నోట్‌బుక్కు, పెన్నుతో పాటు పెన్సిల్. పెన్సిల్ చాలా ముఖ్యం. ఎందుకో రెండో మెట్టులో తెలుస్తుంది.

మెట్టు 1: అధ్యాయం మొత్తం చదవండి, మొదట విన్నవాళ్ళ పక్కన కూర్చోండి

ఒక్క వచనం పట్టుకుని మొదలుపెట్టకండి. దానియేలు రెండో అధ్యాయంలో 49 వచనాలున్నాయి. కూర్చున్న చోటు నుంచి లేవకుండా పైకి చదవండి. చదివాక మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరితో? ఆ రోజు వాళ్ళ పరిస్థితి ఏమిటి?

కల వచ్చింది నెబుకద్నెజరుకి, ఏలుబడి రెండో సంవత్సరంలో. కలలో బంగారు తలతో, నాలుగు లోహాలతో ఉన్న ఒక పెద్ద విగ్రహాన్ని ఒక రాయి కొట్టి పొడిచేసింది; ఆ లోహాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చే రాజ్యాలు. క్రీ.పూ. 605లో కర్కెమీషు దగ్గర ఐగుప్తును ఓడించి, అదే ఏడాది బబులోను సింహాసనం ఎక్కినవాడు. అంత రాజుకి రాత్రి నిద్ర పట్టడం లేదు. అతని ముందు నిలబడి అర్థం చెబుతున్నది యూదా నుంచి పట్టుకొచ్చిన ఒక యువకుడు. "ఆ బంగారు తల మీరే" అన్న మాట రాజుకి తియ్యగా వినపడి ఉంటుంది. కానీ ఆ వెంటనే వచ్చే మాట "మీ తర్వాత" (2:39). చెరలో ఉన్న యూదుడికి ఆ రెండో మాటే ప్రాణం పోసింది. మమ్మల్ని పట్టుకొచ్చిన ఈ రాజ్యానికి కూడా ఒక 'తర్వాత' ఉందన్నమాట!

ఇంకో సంగతి గమనించాలి. దానియేలు గ్రంథం రెండు భాషల్లో ఉంది. మొదలూ చివరా హీబ్రూ. మధ్యలో 2:4 నుంచి ఏడో అధ్యాయం చివరి దాకా అరామిక్. ఆనాడు రాజ్యాల మధ్య వ్యవహారం నడిచిన భాష అది. లోకరాజ్యాల గురించిన మాటలు వాళ్ళ భాషలోనే ఉన్నాయి. ఆ ఆరు అధ్యాయాలనీ అద్దంలో పెట్టినట్టు అమర్చారు. 2లో నాలుగు లోహాలు, 7లో నాలుగు మృగాలు. 3లో అగ్నిగుండం, 6లో సింహాల గుహ. నడుమ 4, 5 అధ్యాయాల్లో గర్వించిన ఇద్దరు రాజులు. ఒకరు గడ్డి తిని బుద్ధి తెచ్చుకున్నారు, ఇంకొకరు తెచ్చుకోలేదు. కాబట్టి 2ని 7 లేకుండా, 7ని 3, 6 లేకుండా చదివితే సగమే చదివినట్టు. కొమ్ములు లెక్కపెట్టే హడావుడిలో చాలామంది అగ్నిగుండాన్ని సండే స్కూలు పిల్లలకి వదిలేస్తారు. రాజ్యాన్ని ఎలా ఎదుర్కోవాలో నేర్పేది మాత్రం ఆ అధ్యాయమే.

ప్రకటన గ్రంథాన్ని కూడా ఇలాగే చదవాలి. అది ఆసియా అనే రోమా రాష్ట్రంలోని ఏడు సంఘాలకి వచ్చిన ఉత్తరం. రాసిన యోహాను పత్మాసు ద్వీపంలో ఉన్నాడు. తనని తాను "శ్రమలోను, రాజ్యములోను, సహనములోను" పాలివాడినని పరిచయం చేసుకున్నాడు (1:9). ఆ వరసలో 'రాజ్యం' ఎక్కడుందో చూడండి. శ్రమకీ సహనానికీ నడుమ! ఆ చోటు గుర్తుపెట్టుకోండి, ఐదో మెట్టులో మళ్ళీ కావాలి.

మెట్టు 2: పేజీలో రెండు గడులు గీయండి

ఎడమ గడిలో 'చూసింది', కుడి గడిలో 'వాక్యమే చెప్పిన అర్థం'. మీకు తోచిన అర్థానికి ఇక్కడ చోటు లేదు. సాధన చేయడానికి దానియేలు ఎనిమిదో అధ్యాయానికి మించింది లేదు, ఎందుకంటే అందులో అర్థం కూడా దూతే చెప్పేశాడు.

ఎడమ గడిలో రెండు కొమ్ముల పొట్టేలు. ఒక కొమ్ము రెండోదానికన్నా ఎత్తు, ఆ ఎత్తైనది తర్వాత మొలిచింది. కుడి గడిలో: మాదీయుల, పారసీకుల రాజులు (8:20). ఎడమ గడిలో పడమట నుంచి కాళ్ళు నేలకి ఆనకుండా దూసుకొచ్చిన మేకపోతు, దాని కళ్ళ మధ్య పెద్ద కొమ్ము. కుడి గడిలో: గ్రేకుల రాజ్యం, ఆ కొమ్ము దాని మొదటి రాజు (8:21). పెద్ద కొమ్ము బలంగా ఉండగానే విరిగి నాలుగు కొమ్ములు మొలిచాయి: నాలుగు రాజ్యాలు (8:22).

ఇంతవరకు పెన్నుతో రాయండి. ఇక చరిత్ర పుస్తకం తెరవండి. అలెగ్జాండర్ క్రీ.పూ. 334లో ఆసియాలోకి దాటాడు, 331లో గౌగమేల దగ్గర పారసీక రాజు మూడో దర్యావేషును ఓడించాడు, 323లో బబులోనులో చనిపోయాడు. అప్పటికి 33 ఏళ్ళు కూడా నిండలేదు. 301లో ఇప్సస్ యుద్ధం తర్వాత అతని రాజ్యం కసాండర్, లిసిమాకస్, టోలెమీ, సెల్యూకస్ చేతుల్లో మిగిలింది. కాళ్ళు నేలకి ఆనని మేకపోతు అన్న బొమ్మ ఎంత సరిగ్గా సరిపోయిందో చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది. అయినా ఈ పేర్లన్నీ ముదురు పెన్సిల్‌తోనే రాయండి. వాక్యం 'మొదటి రాజు' అంది, 'అలెగ్జాండర్' అన్నది మనం. ఆ నాలుగింటిలో ఒకదాని నుంచి మొలిచిన చిన్న కొమ్ము దగ్గర సెల్యూకస్ వంశపు నాలుగో అంతియొకసు అని రాయొచ్చు. క్రీ.పూ. 167లో అతను యెరూషలేము ఆలయంలో నిత్యబలి ఆపించి దాన్ని అపవిత్రం చేశాడు. 164లో యూదుల తిరుగుబాటు నాయకుడు యూదా మక్కబీయుడు ఆలయాన్ని శుద్ధి చేయించాడు. ఇది కూడా ముదురు పెన్సిలే.

నా నోట్‌బుక్కులో అందుకే మూడు స్థాయిలున్నాయి. వాక్యమే చెప్పినదానికి పెన్ను. చరిత్రతో గట్టిగా సరిపోయినదానికి పెన్సిల్. మిగతావాటికి ఒక ప్రశ్నార్థకం. నాన్నగారి పది పేర్లు ఈ పద్ధతిలో అయితే మూడో స్థాయిలో ఉండేవి. చెరిపేస్తే చాలు, గీత కొట్టాల్సిన అవసరం ఉండేది కాదు.

ప్రకటన గ్రంథంలోనూ పెన్నుతో రాయదగినవి కొన్ని ఉన్నాయి. ఏడు దీపస్తంభాలు ఏడు సంఘాలు (1:20). జలాలు ప్రజలూ జనసమూహాలూ (17:15). ఏడు తలలు ఏడు కొండలు (17:9). ఆ స్త్రీ, భూరాజుల మీద ఏలే మహాపట్టణం (17:18). ఏడు కొండల పట్టణం అనగానే ఆ రోజుల్లో ఎవరికైనా రోమే గుర్తొచ్చేది. ముందు వీటిని రాసుకుని తర్వాతే 13వ అధ్యాయానికి వెళ్ళండి.

మెట్టు 3: నాలుగు రాజ్యాల వరస తేల్చుకోండి, ఎదుటివాళ్ళ వాదన కూడా వినండి

దానియేలు 2లో లోహాలు: బంగారం, వెండి, ఇత్తడి, ఇనుము, చివర పాదాల్లో ఇనుమూ మట్టీ. 7లో మృగాలు: సింహం, ఎలుగుబంటి, చిరుతపులి, పేరు లేని నాలుగోది. సంఘంలో ఎక్కువమంది అంగీకరించిన వరస బబులోను, మాదీయ పారసీకం, గ్రీసు, రోము. ఇంకో వరస కూడా ఉంది: బబులోను, మాదీయ, పారసీకం, గ్రీసు. మూడో శతాబ్దంలో పోర్ఫిరీ అనే తత్వవేత్త ఈ గ్రంథాన్ని అంతియొకసు రోజుల్లోనే రాశారని వాదించాడు. తర్వాత జెరోమ్ అనే బైబిలు పండితుడు దానియేలుకి వ్యాఖ్యానం రాస్తూ అతనికి గట్టిగా జవాబిచ్చాడు. ఇప్పటికీ పండితులు ఈ రెండు వైపులా ఉన్నారు.

నేను మొదటి వరసనే నమ్ముతాను. కారణం ఎనిమిదో అధ్యాయమే. అక్కడ మాదీయులూ పారసీకులూ కలిసి ఒకే పొట్టేలు. ఐదో అధ్యాయంలో గోడ మీద రాతకి అర్థం చెప్పినప్పుడు కూడా బబులోను రాజ్యం "మాదీయులకు, పారసీకులకు" ఇవ్వబడింది (5:28). క్రీ.పూ. 539లో బబులోను పారసీక రాజు కోరెషు చేతికి వచ్చింది. అప్పటికే మాదీయ రాజ్యం అతని ఏలుబడిలో ఉంది. దాన్ని వేరుగా ఇంకో లోహం అనడానికి గ్రంథంలో నాకు ఆధారం కనిపించదు. మూడో రాజ్యం గ్రీసు అయితే నాలుగోది రోము అవుతుంది. క్రీ.పూ. 63లో రోమా సేనాని పాంపే యెరూషలేములోకి వచ్చాడు, అక్కడి నుంచి సువార్తల కాలమంతా ఆ ఇనుము కిందే గడిచింది.

రెండో వరస నమ్మేవాళ్ళని అవిశ్వాసులుగా చూడొద్దు. అంతియొకసు నీడ 8లోనూ 11లోనూ నిజంగానే దట్టంగా ఉంది, వాళ్ళు దాన్ని గమనించినవాళ్ళే. ఏ వరస తీసుకున్నా విగ్రహం ఒక్కటే, దాన్ని కొట్టిన రాయీ ఒక్కటే.

మెట్టు 4: రాయి వెంట నడవండి

ఇక్కడ తొందరపడకండి. కాంకర్డెన్స్‌లో 'రాయి' తీసి ఈ వరసలో చదవండి: కీర్తన 118:22, యెషయా 8:14, యెషయా 28:16, దానియేలు 2:34-35, లూకా 20:17-18, అపొస్తలుల కార్యములు 4:11, ఎఫెసీ 2:20, 1 పేతురు 2:4-8.

లూకా 20 దగ్గర ఆగండి. ద్రాక్షతోట కాపుల ఉపమానం అయిపోయింది. కట్టేవాళ్ళు వద్దని పారేసిన రాయే మూలకు తలరాయి అయిందన్న కీర్తన యేసు గుర్తుచేశాడు. ఆ తర్వాత రెండు మాటలు కలిపాడు. ఈ రాయి మీద పడేవాడు తునకలైపోతాడు. ఇది ఎవరి మీద పడుతుందో వాణ్ణి నలిపేస్తుంది. మొదటి మాటలో యెషయా 8 వినిపిస్తుంది. రెండో మాటలో దానియేలు 2 వినిపిస్తుంది, కళ్ళంలో చెత్తలా విగ్రహాన్ని పొడిచేసిన ఆ రాయి. మూడు వేర్వేరు రాళ్ళని యేసు ఒక్కటి చేసి, అది తానేనన్నాడు. నేను ఈ వచనాన్ని ఎన్నో ఏళ్ళు చదివి కూడా దానియేలు వైపు చూడలేదు.

దీన్నుంచి మూడు విషయాలు తేలతాయి.

మొదటిది, ఆ రాయి విగ్రహంలో భాగం కాదు. బంగారం, వెండి, ఇత్తడి, ఇనుము తర్వాత వచ్చిన ఐదో లోహం కాదు. "చేతి సహాయం లేకుండా" తీయబడింది. మనుషులు పోతపోసిన సామ్రాజ్యాల జాతే వేరు, దీని జాతే వేరు.

రెండోది, రాయి క్రీస్తు. సంఘం ఆ రాయి మీద కట్టిన ఇల్లు. పేతురు విశ్వాసుల్ని కూడా 'సజీవమైన రాళ్ళు' అన్నాడు నిజమే, కానీ వాళ్ళు కట్టబడే రాళ్ళు. విగ్రహం మీదికి దొర్లే పని వాళ్ళకి అప్పగించలేదు.

మూడోది, రాయి పర్వతమై భూమంతా నిండింది. కొట్టడం ఒక్కసారి జరిగింది, నిండటం క్రమంగా జరిగింది. ఆవగింజ, పులిపిండి ఉపమానాలు (మత్తయి 13) దీని పక్కన పెట్టుకుని చదవండి.

ఏడో అధ్యాయంలో మనుష్యకుమారుడి విషయం కూడా ఇంతే జాగ్రత్తగా చూడాలి. ఆకాశ మేఘాలతో వచ్చాడు, నిజమే. ఎక్కడికి వచ్చాడు? 7:13 చూడండి. మహావృద్ధుని, అంటే దేవుని సన్నిధికి. అంటే ఆ దర్శనంలో ఆయన సింహాసనం దగ్గరికి వెళ్ళి రాజ్యం అందుకుంటున్నాడు. ప్రధానయాజకుడి ముందు యేసు ఈ మాటనీ 110వ కీర్తననీ కలిపి చెప్పాడు (మార్కు 14:62). పెంతెకొస్తు రోజున పేతురు, ఆయన దేవుని కుడిపార్శ్వానికి హెచ్చించబడ్డాడని ప్రకటించాడు. ఆయన తిరిగి రావడాన్ని ఇది కొట్టిపారేయదు, అది అపొస్తలుల కార్యములు 1:11లో స్పష్టంగా ఉంది. కానీ పట్టాభిషేకం ఇంకా జరగలేదని ఎవరైనా అంటే ఈ వచనం చూపించండి.

మెట్టు 5: 'రాజ్యం' అన్న చోట 'సంఘం' పెట్టి చూడండి

చాలా చిన్న పరీక్ష ఇది. "నీ రాజ్యము వచ్చును గాక" అన్న ప్రార్థనలో ఆ మాట మార్చి చూడండి. "నీ సంఘం వచ్చును గాక." కుదరదు. సువార్తల్లో రాజ్యం అన్న మాట వందకు పైగా సార్లు వస్తుంది. సంఘం అన్న మాట మత్తయి 16, 18 అధ్యాయాల్లో తప్ప ఇంకెక్కడా రాదు. రెండూ ఒకటి కావు.

అలాగని వేరు చేసి పడేయడానికీ లేదు. మత్తయి 16లో సంఘం కడతానని చెప్పిన నోటితోనే రాజ్యపు తాళపుచెవులు ఇస్తానన్నాడు. విశ్వాసులు ఇప్పటికే కుమారుని రాజ్యంలోకి వచ్చేశారని కొలస్సీ 1:13. అనేక శ్రమలు పడి ఆ రాజ్యంలోకి ప్రవేశించాలని అపొస్తలుల కార్యములు 14:22. శత్రువులందరినీ పాదాల కింద పెట్టే వరకు ఆయన ఏలాలని 1 కొరింథీ 15:25. ఈ లోక రాజ్యం మన ప్రభువు రాజ్యమైందన్న గొప్ప స్వరం ప్రకటన 11:15లో. ఇవన్నీ ఒక పేజీలో రాసుకుంటే తేలేది ఇది: రాజు సింహాసనం మీద ఉన్నాడు, రాజ్యం మొదలైంది, పూర్తిగా కనబడాల్సి ఉంది. సంఘం ఆ రాజ్యానికి చెందిన ప్రజ, దాని సాక్షి. మనం యోహాను నిలబడిన చోటే, శ్రమకీ సహనానికీ మధ్య నిలబడ్డాం.

ఈ తేడా మర్చిపోతే ఎంత నష్టమో చరిత్ర చూపిస్తుంది. రోమా చక్రవర్తి కాన్‌స్టంటీన్ ఏలుబడి ముప్పయ్యేళ్ళ వేడుకలో బిషప్ యూసేబియస్ ప్రసంగిస్తూ, పరిశుద్ధులు రాజ్యం పొందుతారన్న దానియేలు 7:18ని చక్రవర్తి కొడుకులకి అధికారం దక్కడంతో ముడిపెట్టాడు. ఆయన్ని తేలిగ్గా తీసిపారేయలేను. తన కళ్ళ ముందే విశ్వాసులు చిత్రహింసలు పడటం చూసినవాడు, వాళ్ళని విడిపించిన రాజుని చూసి పొంగిపోయాడు. కానీ ఆ పొంగులో రాయి మళ్ళీ లోహమైంది. 410లో గోతుల రాజు అలారిక్ సైన్యం రోము నగరాన్ని దోచుకున్నప్పుడు క్రైస్తవులు కూడా లోకం కూలిపోయినట్టు ఏడ్చారు. బిషప్ అగస్టీన్ 413 నుంచి 426 దాకా కూర్చుని, దేవుని పట్టణం రోముతో పాటు కూలేది కాదని ఓపికగా రాయాల్సి వచ్చింది.

ఇంకా ఘోరం మున్‌స్టర్‌లో జరిగింది. 1534లో కొందరు ఆ జర్మన్ నగరాన్ని చేజిక్కించుకుని అదే కొత్త యెరూషలేము అన్నారు. లైడెన్ యాన్ అనేవాడు రాజుగా కిరీటం పెట్టుకున్నాడు. 1535లో నగరం పడిపోయింది. నాయకుల శవాలని పెట్టి వేలాడదీసిన మూడు ఇనుప బోనులు అక్కడి సెయింట్ లాంబెర్ట్ చర్చి గోపురానికి ఇప్పటికీ ఉన్నాయి. 1661లో లండన్‌లో ఇంకో గుంపు కత్తులతో వీధుల్లోకి వచ్చింది. దానియేలు రెండో అధ్యాయం నుంచే వాళ్ళు 'ఐదో రాజ్యం మనుషులు' అన్న పేరు తెచ్చుకున్నారు. చేతి సహాయం లేకుండా తీయబడిన రాయికి చెయ్యి అందించాలనుకున్నారు. ఆ ఒక్క మాట చదివి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో.

"నా రాజ్యం ఈ లోకసంబంధమైనది కాదు" (యోహాను 18:36) అన్న మాటని కూడా ఇక్కడే సరిగ్గా అర్థం చేసుకోవాలి. గ్రీకు మూలంలో ఆ మాటకి 'ఈ లోకం నుంచి పుట్టింది కాదు' అన్న భావం ఉంది. ఈ లోకంతో దానికి సంబంధమే లేదని కాదు. అందుకే ఆ వెంటనే, నా రాజ్యం ఈ లోకం నుంచి పుట్టిందైతే నా సేవకులు పోరాడేవారు అన్నాడు. రాజ్యం ఎక్కడి నుంచి పుట్టిందో దాన్ని బట్టే ఆయుధం కూడా ఉంటుంది.

మెట్టు 6: రోమా 13నీ ప్రకటన 13నీ ఎదురెదురుగా పెట్టండి

ఒక అధ్యాయం ప్రభుత్వాన్ని దేవుని పరిచారకుడు అంటుంది. ఇంకోటి సముద్రం నుంచి లేచిన క్రూరమృగం అంటుంది. నచ్చినదాన్ని ఏరుకోకండి. పౌలు రోమీయులకి రాసేనాటికి సింహాసనం మీద ఉన్నది క్రూరుడిగా పేరున్న నీరో చక్రవర్తి. కాబట్టి మంచి రాజు ఉన్నాడు కదా అని పౌలు అలా రాయలేదు. దానియేలు కూడా బబులోను కొలువులో నమ్మకంగా పనిచేశాడు, చెరలో ఉన్నవాళ్ళని ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థించమని యిర్మీయా రాశాడు (29:7).

మరి ప్రభుత్వం మృగం ఎప్పుడవుతుంది? దానియేలు 3, 6, ప్రకటన 13 పక్కపక్కన చదివితే ఒకే జవాబు వస్తుంది: ఆరాధన అడిగినప్పుడు. ముగ్గురు యువకులు రాజు ఇచ్చిన ఉద్యోగం వదిలేయలేదు, రాజు నిలబెట్టిన విగ్రహానికి మాత్రం మొక్కలేదు. సంఘానికి గీత అక్కడుంది.

ప్రకటన 13:2లోని మృగాన్ని దగ్గరగా చూడండి. చిరుతపులి, ఎలుగుబంటి, సింహం. దానియేలు చూసిన వరస తిరగేసి ఉంది. అంతేకాదు, దానియేలు మృగాల తలలు లెక్కపెట్టండి: సింహానికి ఒకటి, ఎలుగుబంటికి ఒకటి, చిరుతపులికి నాలుగు, చివరిదానికి ఒకటి. మొత్తం ఏడు. కొమ్ములు పది. యోహాను చూసిన మృగానికి ఏడు తలలు, పది కొమ్ములు. నాలుగూ కలిసి ఒక్కటిగా లేచాయి. ఆ ఏడు సంఘాలకి అది రోము రూపంలో వచ్చింది, ఇందులో నాకు సందేహం లేదు. కానీ బొమ్మని గీసిన తీరు చూస్తే అది రోముతో అయిపోయేది కాదు. దేవుడి స్థానం అడిగిన ప్రతి సామ్రాజ్యంలోనూ ఆ పోలిక కనబడుతుంది.

మెట్టు 7: సంఖ్యల దగ్గర నెమ్మదించండి

'ఒక కాలం, కాలాలు, అర్ధకాలం', 42 నెలలు, 1,260 దినాలు ఒకే నిడివికి మూడు రూపాలు. పూర్తి సంఖ్య అయిన ఏడులో సగం. హింసకి ఒక హద్దు ఉంది, అది పూర్తికాలం సాగదు అన్నది అందులో మొదటి మాట. దానియేలు 9లోని డెబ్బై వారాలు యిర్మీయా చెప్పిన డెబ్బై ఏళ్ళ మీద ప్రార్థిస్తుండగా వచ్చిన జవాబు. ఆ ప్రార్థన చదవకుండా లెక్కకి దిగొద్దు.

మృగపు సంఖ్య 666 (ప్రకటన 13:18) గురించి ఇంతే చెప్తాను. 'నీరో కైసరు'ని హీబ్రూ అక్షరాల్లో రాసి విలువలు కూడితే 666 వస్తుంది, ఒక అక్షరం తగ్గించి రాస్తే 616. కొన్ని పాత ప్రతుల్లో 616 అనే ఉంది, రెండో శతాబ్దంలోనే ఐరేనియస్ అనే సంఘ బోధకుడికి ఆ తేడా తెలుసు. ఇది పెన్సిల్ స్థాయి సంగతి.

తేదీలు మాత్రం వద్దు. దానియేలు 8:14లోని 2,300 దినాలని సంవత్సరాలుగా తీసుకుని, క్రీ.పూ. 457 నుంచి లెక్కకట్టి, అమెరికా బోధకుడు విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని ఎదురుచూశారు. పొలాల్లో పంట కొయ్యకుండా వదిలేసినవాళ్ళు కూడా ఉన్నారు. మర్నాడు తెల్లారింది. వాళ్ళ ఆశ నిజమైనదే, అందుకే ఆ దుఃఖం అంత లోతైనది. కాలాలనీ సమయాలనీ తెలుసుకోవడం మీ పని కాదని యేసు చెప్పింది (అపొస్తలుల కార్యములు 1:7) ఇలాంటి దుఃఖం నుంచి కాపాడటానికే అనుకుంటాను.

వెయ్యేళ్ళ పాలన (ప్రకటన 20) గురించి మూడు అభిప్రాయాలున్నాయి. క్రీస్తు రాకడ తర్వాత అని కొందరు, రాకడకి ముందు సువార్త విజయంతో అని కొందరు, ఇప్పటి సంఘకాలమే అని కొందరు. రెండో శతాబ్దపు జస్టిన్, ఐరేనియస్ మొదటి వైపు, అగస్టీన్ మూడో వైపు. ఇంతమంది భక్తులు విడిపోయిన చోట పెన్సిల్ తేలిగ్గా పట్టుకోవడమే మర్యాద.

మెట్టు 8: ఇశ్రాయేలు మాట సంఘానికి వచ్చినప్పుడు

నిర్గమకాండం 19:6లో సీనాయి దగ్గర చెప్పిన 'యాజక రూపమైన రాజ్యం' మాటని పేతురు సంఘానికి అన్నాడు (1 పేతురు 2:9). పడిపోయిన దావీదు గుడారం మళ్ళీ లేస్తుందన్న ఆమోసు 9 మాటని, అన్యజనులు చేరడాన్ని చూసి యాకోబు ఎత్తి చెప్పాడు (అపొస్తలుల కార్యములు 15). అపొస్తలులు చదివినట్టే మనమూ చదవాలి. కానీ ఆ వెంటనే రోమా 11 తెరవండి. అంటుకట్టిన కొమ్మ అసలు కొమ్మల మీద అతిశయపడకూడదని పౌలు గట్టిగా హెచ్చరించాడు. ఈ హెచ్చరికని సంఘం శతాబ్దాలపాటు పట్టించుకోలేదు, దాని ఫలితం యూదులు అనుభవించారు. ప్రవచనం చదివి ఏ జాతి మీదైనా ద్వేషం పెరిగితే, ఎక్కడో తప్పు చదివినట్టే.

మెట్టు 9: చివరి పరీక్ష, అప్పుడే ఇంకొకరికి చెప్పండి

మీ వ్యాఖ్యానం సిద్ధమయ్యాక దాన్ని ప్రకటన గ్రంథపు ఏడు సంఘాల్లో ఒకటైన స్ముర్న సంఘానికి చదివి వినిపిస్తున్నట్టు ఊహించుకోండి. చెర ముందుందని తెలిసిన పేద సంఘం అది. మీరు చెప్పేది వాళ్ళకి ఏమైనా పనికొస్తుందా? ఇరవై శతాబ్దాల తర్వాతి ఒక ఒప్పందం గురించే అయితే, యోహాను వాళ్ళకి ఉత్తరం రాయడంలో అర్థమేముంది? వాళ్ళకి ఓర్పునిచ్చే వ్యాఖ్యానమే మనకీ ఓర్పునిస్తుంది.

ఎవరైనా టెన్షన్‌గా ఫోన్లో ఒక వార్త చూపించి "ప్రవచనం నెరవేరిపోయింది" అంటే వాదనకి దిగకండి. వచనం ఏదని అడగండి. అధ్యాయం మొత్తం కలిసి చదవండి. ఆ గుర్తుకి అర్థం వాక్యం చెప్పిందా, మనం చెప్తున్నామా అని అడగండి. చాలాసార్లు అక్కడికే ఆ భయం సగం తగ్గుతుంది, మిగతా సగం ప్రకటన ఐదో అధ్యాయపు గొర్రెపిల్లని, అంటే క్రీస్తుని చూపించాక తగ్గుతుంది.

ఇక మీ వంతు. కొత్త పేజీ తీసి పైన 'దానియేలు 7' అని రాయండి. ఎడమ గడిలో నాలుగు మృగాల పేర్లు రాసి, కుడి గడిలో ఏమీ రాయకుండా 17వ వచనం దాకా ఆగండి. ఆ నాలుగూ భూమి మీద పుట్టబోయే నలుగురు రాజులని అక్కడ చెప్తారు. ఏ రాజు, ఏ దేశం అన్నది చెప్పరు. మధ్యలో ఇంకో మాటే లేకుండా 18వ వచనం మహోన్నతుని పరిశుద్ధులు రాజ్యం పొందుతారని చెబుతుంది. దాన్ని పెన్నుతో రాయండి.